కలెక్టర్ నడుస్తోంది, 4317 తెరిచే ఉంది, అయినా ఒక్క స్పాన్ కూడా రావట్లేదు: ఓటీఎల్‌పీ రిసీవర్ కాన్ఫిగ్‌లో ఏం తప్పు?

బ్యాకెండ్_కొత్త అడిగారు:

అందరికీ నమస్తే. రెండు రోజులుగా ఒకే చోట ఇరుక్కుపోయాను, ఇది చూసినవాళ్ళు ఎవరైనా దారి చెప్తే పెద్ద సాయం.

ముందు మా సెటప్ చెప్తాను. ఐదు సర్వీసులు, అన్నీ ఒకే మెషీన్ మీద డాకర్ కంపోజ్‌లో నడుస్తాయి. వాటి ట్రేసులు (ఒక్కో రిక్వెస్ట్ ఏ సర్వీసుల మీదుగా వెళ్ళిందో చెప్పే రికార్డులు, అందులో ఒక్కో పని ఒక స్పాన్) ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్‌కి చేరతాయి, కలెక్టర్ వాటిని జేగర్‌కి (ట్రేసులు చూపించే టూల్) పంపుతుంది. కాన్ఫిగ్ నేను రాసింది కాదు, నాకంటే ముందు ఈ పని చూసినవాళ్ళు రాశారు, చాలా కాలంగా ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవాల్సిన అవసరమూ రాలేదు. పోయిన వారం ఇమేజ్‌లన్నీ కొత్త వెర్షన్లకి మార్చాం. కలెక్టర్ 0.96 దగ్గర ఉండేది, ఇప్పటి వెర్షన్‌కి తెచ్చాం. జేగర్ ఏజెంట్ అని ఇంకో కంటైనర్ ఉండేది, కొత్త జేగర్‌లో అది లేదని తెలిసి దాన్ని తీసేశాం. అంతే, ఆ రాత్రి నుంచి జేగర్ పేజీ ఖాళీ.

రిసీవర్ భాగం ఇలా ఉంది: రిసీవర్స్ కింద ఓటీఎల్‌పీ (ఓపెన్‌టెలిమెట్రీ సొంత ప్రోటోకాల్), దాని కింద ప్రోటోకాల్స్, దాని కింద జీఆర్‌పీసీ అని ఒక లైను, హెచ్‌టీటీపీ అని ఒక లైను. ఆ రెండింటి పక్కన ఏమీ లేదు, కోలన్ పెట్టి వదిలేశారు. కింద సర్వీస్ సెక్షన్‌లో ట్రేసెస్ పైప్‌లైన్ ఉంది, అందులో రిసీవర్ ఓటీఎల్‌పీ, ప్రాసెసర్ బ్యాచ్, ఎక్స్‌పోర్టర్ జేగర్ వైపు. ఇండెంటేషన్ మూడుసార్లు చూశాను, సరిగ్గానే ఉంది.

కలెక్టర్ లాగ్‌లో ఎర్రర్ ఒక్కటీ లేదు. "స్టార్టింగ్ జీఆర్‌పీసీ సర్వర్, ఎండ్‌పాయింట్ లోకల్‌హోస్ట్:4317" అని ఒక లైను, హెచ్‌టీటీపీ పోర్ట్ 4318కి అలాంటిదే ఇంకొకటి, చివర్లో "ఎవ్రీథింగ్ ఈజ్ రెడీ" అని. సర్వీసుల లాగ్‌లో మాత్రం కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వరసపెట్టి వస్తూనే ఉంది. మెషీన్ మీద నుంచి కర్ల్‌తో 4318ని అడిగితే కనెక్షన్ అయితే అవుతోంది, వెంటనే రీసెట్ అని తెగిపోతోంది. కనెక్ట్ అవుతోందంటే పోర్ట్ తెరిచే ఉన్నట్టు కదా? ఫైర్‌వాల్ అనుమానంతో నిన్నంతా దాని మీదే కూర్చున్నాను, ఏమీ తేలలేదు. ఎల్లుండి రిలీజ్ ఉంది, ట్రేసులు లేకుండా రిలీజ్ చేయడమంటే కళ్ళకు గంతలు కట్టుకుని నడవడమే, చాలా టెన్షన్‌గా ఉంది.


తీగలాగు:

జవాబు మీరు పెట్టిన లాగ్ లైన్‌లోనే ఉందండీ. "ఎండ్‌పాయింట్ లోకల్‌హోస్ట్:4317" అన్నారు చూడండి, అదే సంగతి. పాత వెర్షన్‌లో ఆ చోట 0.0.0.0:4317 అని ఉండేది.

ఎండ్‌పాయింట్ రాయకుండా ఖాళీగా వదిలేస్తే రిసీవర్ తన డిఫాల్ట్ అడ్రస్ తీసుకుంటుంది. ఆ డిఫాల్ట్ మొదట్లో 0.0.0.0, అంటే మెషీన్‌కి ఉన్న నెట్‌వర్క్ అడ్రసులన్నిటి మీదా వినడం. 2024లో వచ్చిన 0.104 వెర్షన్ నుంచి దాన్ని లోకల్‌హోస్ట్‌కి మార్చారు. సెక్యూరిటీ కోసమే మార్చారు, మార్చడం మంచిదే, కానీ ఖాళీ లైన్లతో నడుస్తున్న కాన్ఫిగ్‌లు అప్‌గ్రేడ్ అయిన రోజు ఒక్క ఎర్రర్ కూడా లేకుండా మూగబోయాయి. మీ కాన్ఫిగ్‌లో ఒక్క అక్షరం మారలేదు, దాని అర్థం మారిపోయింది.

ఇక కంటైనర్ సంగతి. ప్రతి కంటైనర్‌కీ తన సొంత నెట్‌వర్క్, తన సొంత లోకల్‌హోస్ట్ ఉంటాయి. కలెక్టర్ తన లోపలి 127.0.0.1 మీద వింటోంది అంటే ఆ కంటైనర్‌లోనే పుట్టిన కనెక్షన్ తప్ప ఇంకేదీ దానికి వినపడదు. పక్క సర్వీసులు కంపోజ్ నెట్‌వర్క్ మీదుగా కలెక్టర్ ఐపీకి వస్తాయి, ఆ ఐపీ మీద 4317లో ఎవరూ లేరు, అందుకే రిఫ్యూజ్డ్. మెషీన్ మీద నుంచి కర్ల్ కొట్టినప్పుడు మీకు తగిలింది కలెక్టర్ కాదు, డాకర్ పెట్టిన ప్రాక్సీ. పోర్ట్ పబ్లిష్ చేశారు కాబట్టి ఆ ప్రాక్సీ మీ కనెక్షన్ తీసుకుంది, లోపలికి అందించబోతే అక్కడ ఎవరూ లేరు, దాంతో తెంపేసింది. అందుకే కనెక్ట్ అయ్యి వెంటనే రీసెట్. ఒకే తప్పు, చూసే చోటును బట్టి రెండు రకాల ఎర్రర్లు, మీరు ఫైర్‌వాల్ వైపు వెళ్ళడం సహజమే.

చేయాల్సింది ఇదీ: జీఆర్‌పీసీ కింద ఇంకో మెట్టు లోపలికి జరిపి ఎండ్‌పాయింట్ అని రాసి 0.0.0.0:4317 ఇవ్వండి. హెచ్‌టీటీపీ కింద అలాగే 0.0.0.0:4318. కలెక్టర్ రీస్టార్ట్ చేసి మళ్ళీ ఆ "స్టార్టింగ్" లైన్ చూడండి, అందులో లోకల్‌హోస్ట్ పోయి ఉండాలి.

ఇంకో మాట. కలెక్టర్ అధికారిక ఇమేజ్‌లో షెల్ ఉండదు, లోపలికి వెళ్ళి ఎస్‌ఎస్ కమాండ్ కొడదామంటే కుదరదు. వేరే చిన్న ఇమేజ్ ఒకటి తీసుకుని, దాన్ని కలెక్టర్ కంటైనర్ నెట్‌వర్క్‌లోనే నడపండి (డాకర్ రన్‌కి నెట్‌వర్క్ ఆప్షన్‌లో "కంటైనర్:" అని రాసి కలెక్టర్ కంటైనర్ పేరు ఇస్తే సరిపోతుంది), అక్కడి నుంచి ఎస్‌ఎస్ చూస్తే ఏ అడ్రస్ మీద ఏ పోర్ట్ వింటోందో కళ్ళకు కట్టినట్టు కనపడుతుంది. 127.0.0.1:4317 అని కనపడితే బయటివాళ్ళకి తలుపు మూసినట్టే.

ఆ తర్వాత అసలు సర్వీసుల జోలికి వెళ్ళకుండా రిసీవర్‌ని విడిగా పరీక్షించండి. 4318కి /వీ1/ట్రేసెస్ అనే పాత్‌తో, కంటెంట్ టైప్ జేసన్ అని చెప్పి, ఉత్త బ్రాకెట్లు {} పోస్ట్ చేస్తే 200 రావాలి. మామూలుగా బ్రౌజర్‌లో తెరిచినట్టు గెట్ రిక్వెస్ట్ పంపితే 405 వస్తుంది, కంగారు పడొద్దు, అది రిసీవర్ బతికే ఉందనడానికి గుర్తే. జీఆర్‌పీసీ వైపు చూడాలంటే టెలిమెట్రీజెన్ అని ఓపెన్‌టెలిమెట్రీ వాళ్ళదే చిన్న టూల్ ఉంది, ఒక ట్రేస్ పంపమని చెప్తే పంపుతుంది. పైప్‌లైన్‌లో ఎక్స్‌పోర్టర్ల లిస్టులో డీబగ్ కూడా చేర్చి వెర్బాసిటీ డిటెయిల్డ్ పెట్టండి, వచ్చిన ప్రతి స్పాన్ కలెక్టర్ లాగ్‌లోనే కనపడుతుంది. అప్పుడు తప్పు రిసీవర్‌కి ఇవతలా అవతలా అన్నది ఒక్క నిమిషంలో తేలిపోతుంది.


పోర్ట్‌కాపలా:

పైన చెప్పింది నూటికి నూరు పాళ్ళు సరైనదే, కానీ 0.0.0.0 అని రాసి వెళ్ళిపోకండి, దయచేసి ఇది కూడా చదవండి.

ఆ డిఫాల్ట్ ఊరికే మార్చలేదు. రిసీవర్‌కి పాస్‌వర్డ్ అంటూ ఏమీ ఉండదు, మనం పెడితే తప్ప. 4317 బయటి ప్రపంచానికి తెరిచి ఉంటే ఎవరైనా చెత్త స్పాన్లు కుమ్మరించి కలెక్టర్ మెమరీ నింపేయొచ్చు, లేదా మీ సర్వీసుల పేర్లతోనే దొంగ ట్రేసులు పంపొచ్చు. కంటైనర్ లోపల 0.0.0.0 పెట్టడం వల్ల పెద్ద ప్రమాదం లేదు, ఎందుకంటే అక్కడ ఉన్నది కంపోజ్ నెట్‌వర్క్ ఒక్కటే. ప్రమాదం అంతా కంపోజ్ ఫైల్‌లో పోర్ట్స్ కింద "4317:4317" అని రాసిన చోట ఉంది. అలా రాస్తే హోస్ట్ మెషీన్‌కి ఉన్న అన్ని అడ్రసుల మీదా తెరుచుకుంటుంది. అంతకంటే ముఖ్యం, యూఎఫ్‌డబ్ల్యూతో (లినక్స్ ఫైర్‌వాల్ టూల్) ఆ పోర్ట్ మూసేశాం అనుకుని నిశ్చింతగా ఉంటారు చాలామంది, కానీ డాకర్ తన ఐపీటేబుల్స్ రూల్స్ తనే రాసుకుంటుంది, పబ్లిష్ చేసిన పోర్ట్‌కి వచ్చే ట్రాఫిక్ యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్‌ని తాకకుండానే లోపలికి వెళ్ళిపోతుంది. నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఇలాగే నెలల తరబడి తెరిచి ఉండిపోయింది, ఎవరికీ తెలియలేదు, ఆడిట్‌లో బయటపడింది.

మీ ఐదు సర్వీసులూ అదే కంపోజ్ నెట్‌వర్క్‌లో ఉన్నాయన్నారు. అలాంటప్పుడు ఆ పోర్టులు పబ్లిష్ చేయాల్సిన అవసరమే లేదు, కలెక్టర్ సర్వీస్ పేరుతో నేరుగా చేరుకోవచ్చు. ఆ రెండు లైన్లు తీసేయండి. టెస్టింగ్ కోసం మెషీన్ నుంచి కావాలంటే "127.0.0.1:4317:4317" అని ముందు అడ్రస్ పెట్టి రాయండి, ఆ మెషీన్ వరకే తెరుచుకుంటుంది.

వేరే మెషీన్ల నుంచి ట్రేసులు రావాల్సి ఉంటే అప్పుడు టీఎల్‌ఎస్ (కనెక్షన్ ఎన్‌క్రిప్షన్) తప్పదు. రిసీవర్‌లో జీఆర్‌పీసీ కింద టీఎల్‌ఎస్ అనే బ్లాక్ పెట్టి సర్టిఫికెట్ ఫైల్, కీ ఫైల్ ఇవ్వాలి. దాంతో పాటు క్లయింట్ సీఏ (సర్టిఫికెట్ల మీద సంతకం చేసే అథారిటీ) ఫైల్ కూడా ఇస్తే, ఆ సీఏ సంతకం ఉన్న సర్టిఫికెట్ చూపించని క్లయింట్‌ని రిసీవర్ అసలు రానివ్వదు. టోకెన్ చాలు అనుకుంటే బేరర్ టోకెన్ ఆథ్ ఎక్స్‌టెన్షన్ ఉంది. దాన్ని ఎక్స్‌టెన్షన్స్ కింద రాసి, సర్వీస్ సెక్షన్‌లోని ఎక్స్‌టెన్షన్ల లిస్టులో చేర్చి, రిసీవర్‌లో ఆథ్ కింద దాని పేరు చెప్పాలి. మూడు చోట్లా రాస్తేనే పని చేస్తుంది.


బ్యాకెండ్_కొత్త:

తీగలాగు గారూ, పోర్ట్‌కాపలా గారూ, మీ ఇద్దరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఎండ్‌పాయింట్లు రాశాను, పబ్లిష్ చేసిన పోర్టులు రెండూ తీసేశాను, రీస్టార్ట్ అయిన నిమిషంలోపే డీబగ్ లాగ్‌లో స్పాన్లు పారడం మొదలైంది. రెండు రోజుల తర్వాత ఆ లాగ్ చూస్తే ప్రాణం లేచొచ్చింది.

కానీ ఐదులో రెండే వచ్చాయి. మిగతా మూడూ మూడు రకాలుగా ఉన్నాయి, అందుకే మళ్ళీ అడుగుతున్నాను.

మొదటిది నోటిఫికేషన్ల సర్వీస్. ఇది హెచ్‌టీటీపీతో పంపుతుంది, పోర్ట్ 4318 సరిగ్గానే ఉంది, లాగ్‌లో 404 వస్తోంది.

రెండోది రిపోర్టుల సర్వీస్. జీఆర్‌పీసీ. కొన్ని ట్రేసులు వస్తున్నాయి, పెద్ద రిపోర్ట్ నడిచినప్పుడు మాత్రం రావు. లాగ్‌లో రిసోర్స్ ఎగ్జాస్టెడ్, "రిసీవ్డ్ మెసేజ్ లార్జర్ దాన్ మ్యాక్స్, 5813220 వర్సెస్ 4194304" అని ఉంది. మెషీన్‌లో మెమరీ అయితే బోలెడు ఖాళీగా ఉంది.

మూడోది అన్నిటికంటే పాత సర్వీస్, బిల్లింగ్. దీని గురించి చెప్పడానికి ఏమీ లేదు, ఎందుకంటే లాగ్‌లో ఎర్రరే లేదు, స్పాన్లూ లేవు. ఇదివరకు ఇది జేగర్ ఏజెంట్‌కి పంపేది, ఏజెంట్ తీసేశాం కాబట్టి ఆ హోస్ట్ వేరియబుల్‌లో కలెక్టర్ పేరు పెట్టాను.


తీగలాగు:

404 దగ్గర పోర్ట్ సరే, పాత్ తప్పు. రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉంటాయి, చూడ్డానికి కవలల్లా ఉంటాయి గానీ ప్రవర్తన వేరు. మామూలు ఓటీఎల్‌పీ ఎండ్‌పాయింట్ వేరియబుల్‌లో హోస్ట్, పోర్ట్ ఇస్తే చాలు, /వీ1/ట్రేసెస్ అన్న తోకని ఎస్‌డీకేనే (సర్వీస్ లోపల ఉండి ట్రేసులు పంపే ఓపెన్‌టెలిమెట్రీ లైబ్రరీ) తగిలిస్తుంది. అదే ట్రేసుల కోసం విడిగా ఉన్న వేరియబుల్ (పేరు మధ్యలో ట్రేసెస్ అని ఉంటుంది) వాడితే, మీరు ఏం రాస్తే దాన్నే యథాతథంగా వాడుతుంది, ఏమీ కలపదు. మీ సర్వీస్‌లో రెండోది పెట్టి ఉంటారు, పాత్ లేకపోవడంతో అది ఉత్త స్లాష్‌కి పోస్ట్ చేస్తోంది, అక్కడ రిసీవర్‌కి ఏమీ లేదు, 404. పాత్ పూర్తిగా రాయండి, లేదా మామూలు వేరియబుల్‌కి మారండి. మొదటి వేరియబుల్‌లో పాత్ కూడా రాస్తే తోక రెండుసార్లు పడుతుంది, అప్పుడూ 404నే.


క్లస్టర్_పని:

రిపోర్టుల సర్వీస్ సంగతి నేను చెప్తాను, దీంతో చాలా కుస్తీ పట్టాను.

ఆ ఎర్రర్ పేరు చూసి మెమరీ అనుకోకండి. 4194304 అంటే సరిగ్గా 4 ఎంబీ, జీఆర్‌పీసీ సర్వర్ ఒక్క మెసేజ్‌లో తీసుకునే డిఫాల్ట్ హద్దు అది. ఎస్‌డీకే మామూలుగా 512 స్పాన్లని ఒక మూటగా కట్టి పంపుతుంది. లెక్క వేయండి: 512 స్పాన్లు, ఒక్కోటి 8 కేబీ అయితే మొత్తం సరిగ్గా 4 ఎంబీ. మామూలు స్పాన్ అంత పెద్దగా ఉండదు, ఒకటి రెండు కేబీల లోపే ఉంటుంది. మీవి అంత లావుగా ఉన్నాయంటే అందులో ఎవరో మొత్తం ఎస్‌క్యూఎల్ క్వెరీనో, రిక్వెస్ట్ బాడీనో ఆట్రిబ్యూట్‌గా పెడుతున్నారు. ముందు అది చూడండి. హద్దు పెంచే ముందు ఇది చూడాలని ఎందుకంటున్నానంటే, బాడీలో యూజర్ల పాస్‌వర్డ్‌లు, ఫోన్ నంబర్లు ఉంటే అవన్నీ జేగర్‌లో ఎవరు పడితే వాళ్ళు చదివేలా పడి ఉన్నాయన్నమాట. అది ట్రేస్ రాకపోవడం కంటే పెద్ద సమస్య.

ఆట్రిబ్యూట్ విలువ పొడవుకి ఎస్‌డీకేలో హద్దు పెట్టుకోవచ్చు, డిఫాల్ట్‌గా హద్దే లేదు. ఒక 2000 అక్షరాలకి పెట్టండి, క్వెరీ మొదలు కనపడితే చాలు కదా. అలాగే 512ని 128కి తగ్గించండి. అప్పటికీ సరిపోకపోతేనే రిసీవర్‌లో జీఆర్‌పీసీ కింద మ్యాక్స్ రిసీవ్ మెసేజ్ సైజ్ అనే సెట్టింగ్ ఉంది, విలువ ఎంబీల్లో, 8 అని పెట్టుకోవచ్చు. గ్జిప్ కంప్రెషన్ పెడితే తగ్గుతుంది కదా అని ఎవరైనా చెప్తే నమ్మకండి, విప్పిన తర్వాతి సైజుని కూడా చూస్తుంది. ఇంకో చేదు నిజం, ఈ ఎర్రర్ వచ్చిన మూటని ఎస్‌డీకే మళ్ళీ పంపదు, 512 స్పాన్లూ అక్కడికక్కడే పోతాయి.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. మీ కలెక్టర్‌లో బ్యాచ్ ప్రాసెసర్ ఉందన్నారు. దాని పని చిన్న మూటల్ని కలిపి పెద్ద మూట చేయడం, డిఫాల్ట్‌గా 8192 స్పాన్లు పోగవగానే (లేదా 200 మిల్లీసెకన్లు గడవగానే) పంపేస్తుంది. ఆ 8192 అనేది పంపడానికి గుర్తు మాత్రమే, హద్దు కాదు. గరిష్ఠ సైజు వేరే సెట్టింగ్, అది డిఫాల్ట్‌గా సున్నా, అంటే హద్దు లేదు. కాబట్టి మీరు ఇటు రిసీవర్‌లో పెంచుకుని లోపలికి రానిచ్చినా, కలెక్టర్ వాటన్నిటినీ కలిపి జేగర్‌కి పంపేటప్పుడు అవతల జేగర్ రిసీవర్ కూడా అదే 4 ఎంబీ దగ్గర ఆపేస్తుంది. ఎర్రర్ సర్వీస్ లాగ్‌లోంచి మాయమై కలెక్టర్ లాగ్‌లోకి మారుతుంది, అంతే తేడా. సెండ్ బ్యాచ్ సైజ్, సెండ్ బ్యాచ్ మ్యాక్స్ సైజ్ రెండూ 1000కి తెచ్చుకోండి (మ్యాక్స్ ఒక్కటే 1000 పెడితే కాన్ఫిగ్ తప్పని కలెక్టర్ లేవదు).

బ్యాచ్‌కి ముందు మెమరీ లిమిటర్ కూడా పెట్టండి, ప్రాసెసర్ల లిస్టులో అదే మొదట ఉండాలి. మెమరీ హద్దు దాటితే అది కొత్త డేటాని వద్దంటుంది, రిసీవర్ ఆ మాటని క్లయింట్‌కి అందిస్తుంది, క్లయింట్ కాసేపు ఆగి మళ్ళీ పంపుతుంది. లేకపోతే కలెక్టర్ కంటైనరే చచ్చిపోతుంది, చేతిలో ఉన్నదంతా పోతుంది. కలెక్టర్ తన గురించి తను ఇచ్చే మెట్రిక్స్‌లో రిసీవర్ యాక్సెప్టెడ్ స్పాన్స్, రిసీవర్ రెఫ్యూజ్డ్ స్పాన్స్ అని రెండు ఉంటాయి. రెండోది పెరుగుతుంటే అలర్ట్ వచ్చేలా పెట్టుకోండి.


నైట్‌షిఫ్ట్:

మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోవద్దు, దగ్గరి ప్రశ్నే. మాది కుబెర్నెటీస్. కలెక్టర్ పాడ్‌లు (నడిచే కాపీలు) మూడు పెట్టాం, జీఆర్‌పీసీ రిసీవర్. ట్రాఫిక్ అంతా ఒక్క పాడ్ మీదే పడుతోంది, మిగతా రెండూ ఖాళీగా కూర్చున్నాయి. రిసీవర్ కాన్ఫిగ్‌లో ఏమైనా చేయొచ్చా?


క్లస్టర్_పని:

చేయొచ్చు. జీఆర్‌పీసీ ఒకసారి కనెక్షన్ పెట్టుకుంటే దాన్ని వదలదు, రిక్వెస్టులన్నీ అదే కనెక్షన్ మీద వెళ్తుంటాయి. కుబెర్నెటీస్ సర్వీస్ మాత్రం కనెక్షన్ పెట్టేటప్పుడే ఏ పాడ్ అన్నది తేలుస్తుంది. రిసీవర్‌లో జీఆర్‌పీసీ కింద కీపలైవ్, దాని కింద సర్వర్ పారామీటర్స్, అందులో మ్యాక్స్ కనెక్షన్ ఏజ్ అని ఉంటుంది, ఒక నిమిషం పెట్టండి. నిమిషానికోసారి రిసీవర్ మర్యాదగా కనెక్షన్ ముగిస్తుంది, క్లయింట్ మళ్ళీ కలిసేటప్పుడు వేరే పాడ్ దొరికే అవకాశం ఉంటుంది.

కానీ మీరు టెయిల్ శాంప్లింగ్ వాడుతుంటే ఇది సరిపోదు, పైగా చెడుపు చేస్తుంది. ఒక ట్రేస్‌కి చెందిన స్పాన్లన్నీ ఒకే పాడ్‌లో ఉంటేనే దాన్ని ఉంచాలా తీసేయాలా అని అది తేల్చగలదు. అప్పుడు ముందు వరసలో ఇంకో కలెక్టర్ల గుంపు పెట్టి, లోడ్ బ్యాలెన్సింగ్ ఎక్స్‌పోర్టర్‌తో ట్రేస్ ఐడీని బట్టి వెనక వరసకి పంపాలి. ఇంకా వివరం కావాలంటే వేరే ప్రశ్నగా పెట్టండి, ఇక్కడ కలిపితే అసలు విషయం పక్కకు పోతుంది.


పాతకోడ్:

బిల్లింగ్ సర్వీస్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను.

అది జేగర్ ఏజెంట్‌కి పంపేదంటే అందులో ఉన్నది ఓపెన్‌టెలిమెట్రీ ఎస్‌డీకే కాదు, పాత జేగర్ క్లయింట్ లైబ్రరీ. దానికి ఓటీఎల్‌పీ అన్న మాటే తెలియదు. అది థ్రిఫ్ట్ కాంపాక్ట్ అనే రూపంలో స్పాన్లని యూడీపీ 6831కి విసురుతుంది. విసురుతుంది అనే అంటున్నాను, ఎందుకంటే యూడీపీలో అవతల ఎవరైనా అందుకున్నారా లేదా అన్న ప్రశ్నే ఉండదు. మీ కలెక్టర్‌లో 6831 మీద ఎవరూ వినడం లేదు, ప్యాకెట్లు నేల మీద పడిపోతున్నాయి, అందుకే లాగ్ అంత శుభ్రంగా ఉంది.

కలెక్టర్‌లోనే జేగర్ రిసీవర్ ఉంది. రిసీవర్స్ కింద ఓటీఎల్‌పీకి సమానంగా జేగర్ అని రాయండి, ప్రోటోకాల్స్ కింద థ్రిఫ్ట్ కాంపాక్ట్, ఎండ్‌పాయింట్ 0.0.0.0:6831. ఇక్కడా ఖాళీగా వదిలితే మళ్ళీ లోకల్‌హోస్టే. ఆ తర్వాత పైప్‌లైన్‌లోని రిసీవర్ల లిస్టులో ఓటీఎల్‌పీ పక్కన జేగర్ కూడా చేర్చండి. ఇది మర్చిపోతే రిసీవర్ అసలు మొదలే కాదు, పైన పేరు రాసినంత మాత్రాన కలెక్టర్ దాన్ని లేపదు. ఎర్రర్ కూడా ఇవ్వదు. నాకు తెలిసిన టీమ్ ఒకటి దీని మీదే ఒక పూట పోగొట్టుకుంది.

బయటి మెషీన్ నుంచి పంపేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, డాకర్‌లో పోర్ట్ పబ్లిష్ చేసేటప్పుడు చివర /యూడీపీ అని రాయాలి, లేకపోతే డాకర్ దాన్ని టీసీపీ అనుకుంటుంది. పరీక్షించడానికి కర్ల్ పనికిరాదు, ఎస్‌ఎస్ కమాండ్‌లో యూడీపీ ఆప్షన్‌తో 6831 కనపడుతోందా అని చూడండి, తర్వాత డీబగ్ ఎక్స్‌పోర్టర్ లాగ్ చూడండి.


బ్యాకెండ్_కొత్త:

ముగ్గురి మాటా ఫలించింది. వరసగా చెప్తాను.

నోటిఫికేషన్లలో సరిగ్గా ఆ ట్రేసెస్ వేరియబులే ఉంది, మామూలు దానికి మార్చాను, 404 పోయింది.

రిపోర్టుల్లో క్లస్టర్_పని గారు అనుమానించిందే నిజం. ఎప్పుడో డీబగ్గింగ్ కోసం రెస్పాన్స్ బాడీ మొత్తాన్ని స్పాన్‌లో పెట్టారు, తీయడం మర్చిపోయారు. తీశాక చూస్తే అందులో కస్టమర్ల ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి, చూసి గుండె ఝల్లుమంది. జేగర్‌లో ఉన్న పాత డేటా తీసేయమని చెప్పాను. రిసీవర్ హద్దు పెంచాల్సిన పనే రాలేదు, 4 ఎంబీ దరిదాపుల్లోకి కూడా పోవట్లేదు ఇప్పుడు.

బిల్లింగ్ స్పాన్లు కూడా 6831 మీదుగా వస్తున్నాయి. కాకపోతే ఒక చిక్కు. ఆర్డర్ సర్వీస్ బిల్లింగ్‌ని పిలుస్తుంది, అది రెండు వేర్వేరు ట్రేసులుగా కనపడుతోంది. ఆర్డర్ ట్రేస్ బిల్లింగ్ దగ్గర ఆగిపోతుంది, బిల్లింగ్ తనకంటూ కొత్త ట్రేస్ మొదలుపెడుతుంది. రిసీవర్ రెండు ఉండడం వల్లనా?


పాతకోడ్:

రిసీవర్లతో దీనికి సంబంధం లేదండీ, వాటికి ట్రేస్ ఐడీ ఎలా వస్తే అలాగే తీసుకుంటాయి. తెగింది సర్వీసుల మధ్య. ఆర్డర్ సర్వీస్ తన ట్రేస్ ఐడీని ట్రేస్‌పేరెంట్ అనే హెడర్‌లో పెట్టి పంపుతుంది, అది డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాల సంస్థ) ప్రమాణం. పాత జేగర్ లైబ్రరీ దాన్ని చదవదు, అది చూసే హెడర్ పేరు ఉబర్ ట్రేస్ ఐడీ (జేగర్ ఉబర్‌లో పుట్టింది కాబట్టి ఆ పేరు). తనకి తెలిసిన హెడర్ కనపడకపోయేసరికి ఇదే మొదలనుకుని కొత్త ట్రేస్ తెరుస్తోంది.

ఆర్డర్ సర్వీస్‌లో ప్రాపగేటర్స్ అని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంటుంది (ట్రేస్ ఐడీని ఏ హెడర్లలో పంపాలో అదే చెప్తుంది), డిఫాల్ట్‌గా ట్రేస్‌కాంటెక్స్ట్, బ్యాగేజ్ ఉంటాయి. వాటికి జేగర్ కూడా కామాతో చేర్చండి, అప్పుడు రెండు హెడర్లూ పంపుతుంది. కొన్ని భాషల్లో జేగర్ ప్రాపగేటర్ ప్యాకేజీ విడిగా ఇన్‌స్టాల్ చేయాలి, లేకపోతే సర్వీస్ మొదలయ్యేటప్పుడే ఆ పేరు తెలియదంటుంది. బిల్లింగ్‌తో నేరుగా మాట్లాడే సర్వీసులకి మాత్రం చేరిస్తే చాలు, ఐదింటికీ అక్కర్లేదు.

తీరిక దొరికినప్పుడు బిల్లింగ్‌ని ఓపెన్‌టెలిమెట్రీ ఎస్‌డీకేకి మార్చండి. ఆ పాత లైబ్రరీని చూసేవాళ్ళు ఇప్పుడు లేరు. మార్చిన రోజు ఈ జేగర్ రిసీవర్, ఈ ప్రాపగేటర్ రెండూ తీసేయొచ్చు. కాన్ఫిగ్‌లో వాటి పక్కన "బిల్లింగ్ కోసం" అని ఒక కామెంట్ రాసి పెట్టండి, మీ తర్వాత వచ్చేవాళ్ళకి ఎందుకుందో తెలియాలి కదా.


బ్యాకెండ్_కొత్త:

ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, ప్రాపగేటర్ చేర్చి ఇప్పుడే ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టాను. జేగర్‌లో ఒకే ట్రేస్, ఐదు సర్వీసులూ ఒకదాని కింద ఒకటి. బిల్లింగ్ గీత మిగతావాటికి రెండింతలు పొడవుంది, అది నెమ్మది అని మాకు ఇన్నాళ్ళూ అనుమానమే తప్ప ఎప్పుడూ కళ్ళతో చూడలేదు.

కామెంట్లు రాశాను. జేగర్ రిసీవర్ పక్కన బిల్లింగ్ కోసమని, రెండు ఎండ్‌పాయింట్ లైన్ల పక్కన 0.104 సంగతి, పోర్టులు ఎందుకు పబ్లిష్ చేయలేదో కూడా. రెఫ్యూజ్డ్ స్పాన్స్ మీద అలర్ట్ రేపు పొద్దున్నే పెడతాను. అందరికీ మనస్ఫూర్తిగా థ్యాంక్స్.